శాస్త్ర సభలలో మర్యాద: ఒక విమర్శ

విజ్ఞానశాస్త్రానికి ప్రయోగశాల ఎంత అవసరమో సభ కూడా అంతే అవసరం. తాను కనుగొన్న విషయాన్ని పదిమంది ఎదుట పెట్టి, వారి ప్రశ్నలకు తట్టుకొని నిలిచినప్పుడే అది శాస్త్రమని అనిపించుకొంటుంది. ఉద్యోగం వెదకుకొనే యువకుడు తన పని పెద్దల దృష్టిలో పడాలని వెళ్ళేదీ, మారుమూల కళాశాలలోని అధ్యాపకుడు కొత్త సంగతులు తెలుసుకోవాలని వెళ్ళేదీ ఈ సభలకే. అట్టి చోట ఒకరు మరొకరిని అవమానించినా, వేధించినా ఆ నష్టం ఆ ఒక్కరితో ఆగదు. చెప్పవలసినవారు చెప్పడం మానేస్తారు. వినవలసిన మాట వినబడకుండా పోతుంది.

ఇటీవలి కాలంలో ప్రపంచంలోని అనేక శాస్త్రసంఘాలు తమ సభల కొరకు ప్రవర్తనా నియమావళులు వ్రాసుకొన్నాయి. వాటిలోని గుణమేమిటి, లోపమేమిటి అన్నదే ఈ వ్యాస విషయం. నియమాలను తూచాలంటే తూనికరాయి ఒకటి కావాలి. అందుకు మనం ఒక పాత సంఘటనను తీసుకొందాము.

1935 జనవరి 11

ఆనాడు లండనులోని బర్లింగ్టన్ హౌస్‌లో రాయల్ ఖగోళ సంఘం సమావేశమైనది. పత్రం సమర్పించడానికి లేచిన సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ వయస్సు 24 సంవత్సరాలు. మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చదివి, 1930లో కేంబ్రిడ్జికి వెళ్ళినవారాయన. ఓడ ప్రయాణంలోనే ఆయనకు ఒక లెక్క తట్టినది. కొన్ని నక్షత్రాలు చివరి దశలో కుంచించుకొనిపోయి శ్వేత కుబ్జతారలుగా మిగులుతాయి. ఎలక్ట్రానులను ఒక హద్దుకు మించి దగ్గరకు నొక్కడానికి వీలులేదు. దానివల్ల పుట్టే పీడనమే ఆ తారను కూలిపోకుండా నిలుపుతుంది. అయితే తార ద్రవ్యరాశి ఎక్కువైనకొద్దీ లోపలి ఎలక్ట్రానుల వేగం కాంతివేగాన్ని సమీపిస్తుంది. అప్పుడు సాపేక్ష సిద్ధాంతాన్ని లెక్కలోకి తీసుకోక తప్పదు. అట్లా తీసుకొంటే ఒక హద్దు బయటపడుతుంది. నేటి లెక్క ప్రకారం అది సూర్యుని ద్రవ్యరాశికి సుమారు 1.4 రెట్లు. అంతకు మించిన తార శ్వేత కుబ్జతారగా నిలబడలేదు. మరి అది ఏమవుతుంది? చంద్రశేఖర్ సభ ముందు పెట్టిన ప్రశ్న అదే.

ఆయన తరువాత మాట్లాడినవారు సర్ ఆర్థర్ ఎడింగ్టన్. 1919 సూర్యగ్రహణంలో నక్షత్రకాంతి వంగడాన్ని కొలిచి, ఐన్‌స్టీన్ సిద్ధాంతానికి పరీక్ష పెట్టిన ప్రసిద్ధుడాయన. నక్షత్రాల అంతర్నిర్మాణాన్ని గురించి 1926లో ఆయన ప్రకటించిన గ్రంథం ఆ రంగంలో ప్రమాణం. చంద్రశేఖర్ పని చేసిన ట్రినిటీ కళాశాలలోనే ఆయనా ఉండేవారు. ఆ యువకుని గదికి తరచు వచ్చి లెక్కలు ఎంతవరకు సాగినవో కనుక్కొనేవారు. అయినా తాను ఏమి చెప్పబోతున్నదీ ముందుగా ఒక్క మాట తెలియనీయలేదు. సభలో లేచి, ఈ సమావేశం నుంచి తాను ప్రాణాలతో బయటపడతానో లేదో అన్న చమత్కారంతో మొదలుపెట్టారు. సాపేక్ష సిద్ధాంతాన్ని, క్వాంటం సిద్ధాంతాన్ని కలిపి చంద్రశేఖర్ వాడిన సూత్రాన్ని సక్రమ వివాహం వల్ల పుట్టని సంతానంతో పోల్చారు. నక్షత్రం ఇంత అసంబద్ధంగా ప్రవర్తించకుండా ఆపే ప్రకృతి నియమం ఏదో ఒకటి ఉండి తీరాలన్నారు. సభ నవ్వినది.

అధ్యక్షస్థానంలో స్ట్రాటన్ ఉన్నారు. ఈ వాదాన్ని చర్చించడానికి ముందు జాగ్రత్తగా పరిశీలించవలసి ఉంటుందని చెప్పి ఆయన తరువాతి వక్తను పిలిచారు. చంద్రశేఖర్‌కు సమాధానం చెప్పే అవకాశం రాలేదు.

అదే సంవత్సరం పారిస్‌లో అంతర్జాతీయ ఖగోళ సంఘం సమావేశమైనప్పుడు ఇదే మళ్ళీ జరిగినది. ఎడింగ్టన్ చాలాసేపు చంద్రశేఖర్ పనిని ఖండించారు. తాను సమాధానం చెబుతానని చంద్రశేఖర్ అధ్యక్షులైన హెన్రీ నోరిస్ రస్సెల్‌కు చీటీ పంపారు. చెప్పకుండా ఉంటేనే మంచిదని రస్సెల్ తిరుగు చీటీ పంపారు. ఎడింగ్టన్ వాదాన్ని తాను నమ్మడం లేదని మాత్రం ఆయన చాటున చెప్పారు!

దోషం ఎక్కడ ఉన్నది?

ఈ కథను ఒక దుష్టుడు, ఒక బాధితుడు ఉన్న నాటకంగా చెప్పడం సులభం. కాని అది న్యాయం కాదు. ఎడింగ్టన్ దుష్టుడు కాదు. చంద్రశేఖర్‌కు ఎక్కువ సమయం ఇప్పించినవారు ఆయనే. ఆ తరువాత కూడా వారిద్దరి స్నేహం చెడలేదు. 1982లో ఎడింగ్టన్ శతజయంతి సందర్భాన కేంబ్రిడ్జిలో ఆయన ప్రతిభను కొనియాడుతూ ఉపన్యసించినవారు చంద్రశేఖరే.

కాబట్టి ఆనాడు జరిగినదానిని విడదీసి చూడాలి. చంద్రశేఖర్ సూత్రాన్ని ఎడింగ్టన్ తప్పన్నారు. అది ఆయన హక్కు. ఆ అభిప్రాయం పొరపాటే కావచ్చు; కాని పొరబడే హక్కు లేని సభలో శాస్త్రం సాగదు. కటువుగా విమర్శించడం కూడా దోషం కాదు. వాదం ఉండవలసిన చోట హేళన పెట్టడం దోషం. పేరు లేని యువకుని ముందుగా హెచ్చరించకుండా పేరుమోసిన పెద్ద సభలో పట్టుకోవడం దోషం. అన్నిటికన్న పెద్ద దోషం ఎడింగ్టన్‌ది కాదు, అధ్యక్షునిది. ఒకరి పనిని ఖండించిన తరువాత వారికి రెండు నిమిషాలైనా ఇవ్వకుండా తరువాతి వక్తను పిలవడం వల్ల నవ్వే తీర్పుగా నిలిచిపోయినది.

మూడవ దోషి కూడా ఉన్నది. అది సభ. ఆ నెలలోనే చంద్రశేఖర్ తన మిత్రుడు రోసెన్‌ఫెల్డ్‌కు ఉత్తరం వ్రాశారు. నీల్స్ బోర్, పౌలీ వంటి భౌతిక శాస్త్రవేత్తల దృష్టికి విషయం వెళ్ళినది. వారెవరికీ ఎడింగ్టన్ వాదంలో పస కనిపించలేదు. అయినా ఆ సంగతిని బహిరంగంగా ప్రకటించడానికి ఎవరూ ముందుకు రాలేదు. చాటున సానుభూతి, ఎదుట మౌనం అన్నదే ఈ కథలో మనం గుర్తుంచుకోవలసిన ముఖ్యాంశం.

చివరకు సత్యం గెలవలేదా అని అడగవచ్చు. గెలిచినది. 1937లో చంద్రశేఖర్ అమెరికా వెళ్ళి షికాగో విశ్వవిద్యాలయంలో చేరారు. 1939లో నక్షత్ర నిర్మాణం మీద పుస్తకం ప్రకటించి, వేరే పరిశోధనకు మళ్ళారు. 1983లో నోబెల్ బహుమతి వచ్చినది. ఆ హద్దు నేడు ఆయన పేరుతోనే పిలువబడుతున్నది. అయితే ఆ గెలుపు సభ గొప్పతనం కాదు; చంద్రశేఖర్ ధైర్యం, వేరొక చోట దొరికిన ఆదరణ. అంతటి ధైర్యం లేనివారు, అంతటి ఆదరణ దొరకనివారు ఎందరో ఉంటారు. వారి లెక్కలు ఏ పుస్తకంలోనూ ఉండవు. చంద్రశేఖర్ కథ మనకు తెలియడానికి కారణం ఆయన నిలబడటమే.

వేధింపు వేరే జాతిదా?

సభలలో దుష్ప్రవర్తన అనగానే నేడు ముందుగా గుర్తుకు వచ్చేది స్త్రీల పట్ల జరిగే వేధింపు. హేళనకూ దానికీ సంబంధమేమిటని కొందరు అడగవచ్చు. 2018లో అమెరికా జాతీయ అకాడమీలు ఈ విషయం మీద పెద్ద నివేదిక ప్రకటించాయి. వేధింపు మూడు విధాలని అది చెప్పినది. ఒకటి, స్త్రీ అయిన కారణంగా చులకన చేసి మాట్లాడటం. రెండు, కోరని చనువు. మూడు, పదవినో మార్కులనో ఎరగా చూపి లొంగదీయడం. వీటిలో అన్నిటికన్న సాధారణమైనది మొదటిదే. అనగా నవ్వుతో, పుల్లవిరుపు మాటతో మొదలయ్యేదే. ఎక్కడ వేధింపు ఎక్కువగా ఉంటుందో ముందే చెప్పగల గుర్తు ఏది అన్న ప్రశ్నకు ఆ నివేదిక ఇచ్చిన సమాధానం కూడా ఆలోచింపదగినది. ఆ గుర్తు సంస్థ వాతావరణం. ఇక్కడ ఇది చెల్లుతుందని అందరికీ తెలిసిన చోట అది పెరుగుతుంది. కాగితం మీద చట్టాన్ని పాటించినంత మాత్రాన అది తగ్గదని కూడా ఆ నివేదిక స్పష్టం చేసినది.

బర్లింగ్టన్ హౌస్‌లో మనం చూచిన మూడు పాత్రలూ ఇక్కడా ఉన్నాయి. బలవంతుడైన ఒకడు, పట్టించుకోని అధికారి, చాటున జాలిపడి ఎదుట మౌనం వహించే సభ. నేరం తీవ్రత వేరు. అది బ్రతికే నేల ఒక్కటే.

సంఘాలు చేసిన పని

2017 సెప్టెంబరులో అమెరికా భూభౌతిక సంఘం ఒక ముఖ్యమైన మార్పు చేసినది. కొలతలను కల్పించడం, మార్చడం, ఇతరుల రాతను దొంగిలించడం శాస్త్రద్రోహాలని అందరూ ఒప్పుకొన్నవే. వేధింపు, బెదిరింపు, వివక్ష కూడా వాటితో సమానమైన శాస్త్రద్రోహమని ఆ సంఘం నిర్ణయించినది. ఇది మాటల మార్పు మాత్రమే కాదు. అంతవరకు వేధింపు ఒకరి స్వంత నడవడికి సంబంధించిన సంగతి, అతని పరిశోధన వేరు అని తప్పించుకొనే వీలు ఉండేది. ఆ తలుపు మూసుకొన్నది. ఆ సంఘం సభలలో సహాయం చేయడానికి శిక్షణ పొందిన కార్యకర్తలు గుర్తుగా బిళ్ళలు ధరించి తిరుగుతుంటారు. కష్టం వచ్చినవారు ఎవరిని అడగాలో వెదకనవసరం లేదు.

అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీలో సభ్యత్వం ఒకసారి వస్తే జీవితాంతం ఉండేది. 2019లో ఆ నియమాన్ని మార్చి, ప్రవర్తనా నియమాలను మీరినవారిని తొలగించవచ్చునని నిర్ణయించారు. 2021లో ఇద్దరిని తొలగించారు కూడా. పెద్దపేరు కవచం కాదని చెప్పడానికి ఇంతకన్న స్పష్టమైన మార్గం లేదు.

తొందరపాటు కూడా దోషమే

నాణేనికి రెండవ వైపు చూడకపోతే విమర్శ పూర్తి కాదు. 2015 జూన్‌లో దక్షిణ కొరియాలోని సియోల్ నగరంలో ప్రపంచ విజ్ఞాన పాత్రికేయుల మహాసభ జరిగినది. అక్కడ ఒక విందులో బ్రిటిష్ శాస్త్రవేత్త, 2001 నోబెల్ బహుమతి గ్రహీత టిమ్ హంట్ మాట్లాడారు. ప్రయోగశాలలో ఆడపిల్లలు ఉంటే ప్రేమలు పుడతాయని, తప్పు చెబితే వారు ఏడుస్తారని అన్నారు. అది హాస్యమని ఆయన తరువాత చెప్పి క్షమాపణ కోరారు. ఆ మాట తప్పే. సభికులలో ఉన్న స్త్రీ శాస్త్రవేత్తలను అది చులకన చేసినది. కాని రెండు మూడు రోజులలోనే ఆ వార్త ప్రపంచమంతా పాకి, లండనులోని విశ్వవిద్యాలయ కళాశాలలో తనకున్న గౌరవ పదవికి ఆయన రాజీనామా ఇచ్చారు. తన మాట వినకుండానే అది జరిగినదని ఆయన చెప్పుకొన్నారు. ఆ ప్రసంగంలో పూర్తిగా ఏమేమి అన్నారన్న వివాదం తరువాత చాలాకాలం సాగినది.

1935లో ఒకరికి సమాధానం చెప్పే అవకాశం ఇవ్వలేదు. 2015లో తప్పు చేసినవారి వాదన పూర్తిగా వినకముందే లోకం తీర్పు చెప్పినది. రెండు చోట్లా లోపించినది ఒక్కటే. అక్కడికక్కడ కలగజేసుకొని, ఇరువైపుల మాట విని, తప్పును తప్పు అనగల యంత్రాంగం సభకు లేదు. ఆ విందులోనే ఒక నిర్వాహకుడు లేచి, ఆ మాట తగదని మర్యాదగా చెప్పి ఉంటే కథ వేరుగా ఉండేది. సభ తన పని చేయనప్పుడే వీధి ఆ పనిని చేతిలోకి తీసుకొంటుంది.

మన సంగతి

మన దేశంలో 2013లో వచ్చిన చట్టం పని స్థలాలలో స్త్రీలపై జరిగే లైంగిక వేధింపును నిషేధించినది. 1997లో విశాఖ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన మార్గదర్శకాలు దానికి మూలం. పదిమంది గాని, అంతకన్న ఎక్కువమంది గాని పనిచేసే ప్రతి సంస్థలోనూ అంతర్గత కమిటీ ఉండాలి. దానికి స్త్రీ అధ్యక్షత వహించాలి; సభ్యులలో కనీసం సగం మంది స్త్రీలు కావాలి; బయటి వ్యక్తి ఒకరు ఉండాలి. ఫిర్యాదుకు సాధారణంగా మూడు నెలల గడువు, విచారణకు 90 రోజులు. ఉద్యోగ నిమిత్తం వెళ్ళిన చోటు కూడా పని స్థలమే అని చట్టం చెబుతున్నది. కాబట్టి కళాశాల పంపగా సదస్సుకు వెళ్ళిన అధ్యాపకురాలు చట్టం నీడలోనే ఉన్నది. రుజువు కానంత మాత్రాన ఫిర్యాదు అబద్ధం కాదన్న మాట కూడా చట్టంలోనే ఉన్నది.

2019 సెప్టెంబరులో హైదరాబాదు విశ్వవిద్యాలయంలో భారత భౌతికశాస్త్ర సంఘానికి చెందిన బృందం ఒక సదస్సు జరిపినది. భౌతికశాస్త్రంలో స్త్రీ పురుష సమానత్వం దాని విషయం. దాని ఫలితంగా వెలువడిన ప్రకటన హైదరాబాదు పేరుతోనే ప్రసిద్ధమైనది. మన నగరం పేరు ఇట్టి పనికి ముడిపడటం సంతోషించదగినది.

అయినా చట్టానికీ సభకూ మధ్య ఒక ఖాళీ ఉన్నది. కొన్ని సంవత్సరాల క్రిందట ఒక కళాశాల సదస్సులో ఎం.ఎస్సి. చదువుతున్న ఒక అమ్మాయి పత్రం చదివినది. తన ఊరి బోరుబావుల నీటిలో ఫ్లోరైడు ఎంత ఉన్నదో స్వయంగా కొలిచి పట్టిక తయారు చేసుకొని వచ్చినది. చదవడం ముగియగానే ముందు వరుసలోని ఒక పెద్దమనిషి లేచి, “ఇది నువ్వు చేసిన పనేనా అమ్మా, మీ సారు చేసిపెట్టారా?” అని అడిగారు. సభ నవ్వినది. అధ్యక్షులు కూడా నవ్వి, భోజనానికి వేళయినదని ప్రకటించారు. ఆ అమ్మాయి పట్టికను మడిచి సంచిలో పెట్టుకొన్నది. నేను మూడవ వరుసలో కూర్చొని ఉన్నాను. రెండు బావుల మధ్య అంత తేడా ఎందుకు వచ్చినదని అడగాలనుకొన్నాను. అడగలేదు. నవ్వనూ లేదు, లేవనూ లేదు. మరుసటి సంవత్సరం సదస్సుకు ఆమె రాలేదు.

ఇందులో ఏ కమిటీ ముందు నిలబెట్టగల నేరం ఉన్నది? బహుశా ఏదీ లేదు. కాని ఒక పట్టిక, దాని వెనుక ఉన్న ఊరి నీటి సంగతి చర్చకు రాకుండా పోయినవి. నియమావళులు ఎక్కువగా తప్పు చేసిన వ్యక్తిని గురించి, తరువాత జరిగే విచారణను గురించి మాట్లాడుతాయి. తప్పు జరుగుతున్న ఆ నిమిషంలో అధ్యక్షుడు ఏమి చేయాలన్నది వాటిలో చాలావరకు ఉండదు. వాటి మీద నా ముఖ్యమైన ఆక్షేపణ ఇదే.

ఏమి ఉండాలి?

మంచి నియమావళి ఒక పుటకు మించనవసరం లేదు. అందులో అయిదు సంగతులు స్పష్టంగా ఉంటే చాలు.

మొదటిది, హద్దు. సిద్ధాంతాన్ని, కొలతను, తర్కాన్ని ఎంత గట్టిగానైనా విమర్శించవచ్చు. మనిషిని, అతని కులాన్ని, ప్రాంతాన్ని, భాషను, ఆమె స్త్రీత్వాన్ని తాకరాదు. ఈ భేదం చెప్పని నియమావళి మంచి విమర్శను కూడా భయపెడుతుంది.

రెండవది, అధ్యక్షుని విధి. ప్రశ్న హేళనగా మారితే అక్కడే ఆపడం, విమర్శకు గురి అయినవారికి సమాధానం చెప్పే సమయం ఇవ్వడం ఆయన ఇష్టం కాదు, బాధ్యత.

మూడవది, పేరు. “నిర్వాహకులకు తెలియజేయవలెను” అన్న వాక్యం ఎవరికీ ఉపయోగపడదు. ఇద్దరి పేర్లు, ఫోను నంబర్లు కార్యక్రమ పత్రం మీదనే అచ్చు వేయాలి. వారిలో ఒకరైనా స్త్రీ కావాలి.

నాలుగవది, దారి. సదస్సు ఒక ఊరిలో, ఫిర్యాదు చేసినవారిది ఒక ఊరు, తప్పు చేసినవారిది మరొక ఊరు. ఏ సంస్థకు వ్రాయాలో బాధపడినవారు తేల్చుకోవలసిన పని లేకుండా నిర్వాహకులే ఆ ఫిర్యాదును చేరవలసిన చోటికి చేర్చాలి.

అయిదవది, న్యాయం. ఇరువైపుల మాట విని, విన్నది వ్రాసి ఉంచి, విషయం బయట పొక్కకుండా చూడాలి. తేలిన తప్పుకు తగిన శిక్ష ఉండాలి. పెద్దవారికి ఒకటి, చిన్నవారికి ఒకటి ఉండరాదు.

మొదలు పాఠశాలలోనే

ఇది కళాశాలల వ్యవహారమని ఉపాధ్యాయులు అనుకోవద్దు. విజ్ఞాన ప్రదర్శనలో తన నమూనా పక్కన నిలబడి, వచ్చీరాని మాటలతో వివరించే ఎనిమిదవ తరగతి పిల్లవాడు కూడా పత్రం చదువుతున్నట్లే. అతని ఉచ్చారణను చూచి తోటివారు నవ్వినప్పుడు ఉపాధ్యాయుడు ఏమి చేస్తాడో తరగతి అంతా గమనిస్తుంది. ఆ నిమిషంలో ఆయనే స్ట్రాటన్, ఆయనే రస్సెల్.

తరువాతి ప్రదర్శనకు ఒక చిన్న ఏర్పాటు చేసి చూడండి. ప్రతి వివరణ తరువాత ఒక విద్యార్థిని అధ్యక్షునిగా కూర్చోబెట్టండి. వివరణలో తప్పు ఉన్నదని ఎవరైనా అంటే, ఎందుకు తప్పో చెప్పమని అతడు అడగాలి; ఆ తరువాత వివరించినవారికి రెండు నిమిషాలు ఇవ్వాలి. నవ్విన వారిని కూడా ఒక ప్రశ్న వేయమనాలి. అట్లా పెరిగిన పిల్లలు రేపు పెద్ద సభలలో మూడవ వరుసలో కూర్చొన్నప్పుడు, అడగవలసిన ప్రశ్నను మింగి ఊరుకోరు.